రెండు వేల రూపాయల ప్రయాణం

“రైతు దేశానికి వెన్నెముక” అని మనం వ్యాసరచన పోటీల్లో ఎన్నోసార్లు రాశాం. మార్కులు కూడా తెచ్చుకున్నాం. కానీ ఆ వెన్నెముకకు ప్రభుత్వం ఏటా నేరుగా ఇచ్చే డబ్బు ఎంత, అది ఏ దారిలో వస్తుంది, ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు అని అడిగితే మాలో చాలామంది తెల్లమొహం వేశాం. అందుకే ఈసారి పత్రిక తెలుగు విభాగానికి ఈ విషయం ఎంచుకున్నాం.

మేమంతా బదిలీ ఉద్యోగుల పిల్లలం. అమ్మానాన్నలలో ఒకరు రైల్వేలోనో, బ్యాంకులోనో, మరో కేంద్ర కార్యాలయంలోనో పనిచేస్తారు. ఇప్పుడు ఉన్నది జంషెడ్‌పూర్‌లో. మొన్న మరో ఊరు, రేపు ఇంకో ఊరు. అయినా మాలో చాలామందికి శ్రీకాకుళం, విజయనగరం, ఖమ్మం, కరీంనగర్ వైపు ఒక సొంత ఊరుంది. అక్కడ తాతయ్య పేరుమీద ఎకరమో రెండెకరాలో భూమి ఉంది. కాబట్టి ఇది పాఠ్యపుస్తకంలోని విషయమే కాదు, మా ఇళ్లలోని విషయం కూడా.

సబ్సిడీ రెండు రకాలు

రైతుకు ప్రభుత్వం చేసే సాయం రెండు రకాలుగా ఉంటుంది. మొదటిది కంటికి కనిపించని సాయం. 45 కిలోల యూరియా బస్తా రైతుకు రూ. 266.50కి దొరుకుతుంది. దాన్ని తయారు చేయడానికో, విదేశాల నుంచి తేవడానికో అయ్యే ఖర్చు ఇంతకు ఎన్నో రెట్లు. ఆ తేడాను ప్రభుత్వం ఎరువుల కంపెనీకి చెల్లిస్తుంది. రైతు చేతికి డబ్బు రాదు, ధర తగ్గుతుంది. కిసాన్ క్రెడిట్ కార్డు మీద వడ్డీ రాయితీ కూడా ఇలాంటిదే. రూ. 3 లక్షల వరకు పంట రుణం 7 శాతం వడ్డీకి ఇస్తారు. సకాలంలో కట్టినవారికి అది 4 శాతమే పడుతుంది.

రెండోది నేరుగా ఖాతాలో పడే డబ్బు. విత్తనం కొంటావో, ఎరువు కొంటావో, కూలీ ఇస్తావో నీ ఇష్టం అని రైతుకే వదిలేయడం. మేము రాస్తున్నది ఈ రెండో రకం గురించి.

ఎక్కడ మొదలైంది?

ఎకరానికి ఇంత అని పంటకాలానికి ముందే పెట్టుబడి ఇచ్చే పెద్ద పథకం మన తెలుగు నేల మీదే మొదలైంది. 2018 మే 10న కరీంనగర్ జిల్లా హుజూరాబాద్ దగ్గర అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర రావు రైతుబంధు పథకం ప్రారంభించారు. ఎకరానికి పంటకాలానికి రూ. 4,000. వానాకాలం, యాసంగి కలిపి ఏడాదికి రూ. 8,000. మొదటిసారి చెక్కుల రూపంలో ఇచ్చారు. ఆ ఏడాది బడ్జెట్‌లో దీనికి రూ. 12,000 కోట్లు కేటాయించారు. 2019లో ఎకరానికి ఏడాదికి రూ. 10,000 చేశారు. 2025 జనవరి 26 నుంచి ఇదే సాయం రైతు భరోసా పేరుతో ఏడాదికి రూ. 12,000 అయింది.

2018 డిసెంబరులో మన పొరుగున ఒడిశా ‘కాలియా’ అనే పథకం ప్రకటించింది. అక్కడ ఎకరాల లెక్క లేదు. చిన్న, సన్నకారు రైతు కుటుంబానికి అయిదు పంటకాలాల్లో మొత్తం రూ. 25,000. భూమి లేని వ్యవసాయ కుటుంబాలకు మేకలు, కోళ్లు, పుట్టగొడుగుల వంటి పనులకు రూ. 12,500.

ఆ వెంటనే కేంద్రం ముందుకొచ్చింది. 2019 ఫిబ్రవరి 24న గోరఖ్‌పూర్‌లో ప్రధానమంత్రి కిసాన్ సమ్మాన్ నిధి మొదలైంది. దీన్నే మనం పీఎం కిసాన్ అంటున్నాం. ఏడాదికి రూ. 6,000, మూడు విడతలుగా రూ. 2,000 చొప్పున. మొదట రెండు హెక్టార్ల లోపు భూమి ఉన్నవారికే అన్నారు. తర్వాత ఆ పరిమితి తీసేశారు.

జార్ఖండ్ సంగతి కూడా చెప్పుకోవాలి. 2019 ఆగస్టు 10న రాంచీలో ముఖ్యమంత్రి కృషి ఆశీర్వాద్ యోజన ప్రారంభమైంది. ప్రారంభించింది అప్పటి ఉపరాష్ట్రపతి, మన తెలుగువారైన ఎం. వెంకయ్య నాయుడు. ఎకరానికి రూ. 5,000, అయిదెకరాల వరకు. అంటే కనిష్ఠం రూ. 5,000, గరిష్ఠం రూ. 25,000. ఆ ఏడాది చివర్లో ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వం ఈ పథకం కొనసాగించకుండా రుణమాఫీ దారి పట్టింది. మొదట రూ. 50,000 వరకు, 2024లో రూ. 2 లక్షల వరకు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 15న మొదలైన రైతు భరోసా కేంద్రం ఇచ్చే రూ. 6,000తో కలిపి కుటుంబానికి ఏటా రూ. 13,500 ఇచ్చింది. 2025 ఆగస్టు 2న ప్రకాశం జిల్లా దర్శిలో మొదలైన అన్నదాత సుఖీభవ ఆ మొత్తాన్ని, కేంద్రం వాటాతో కలిపి, రూ. 20,000 చేసింది.

చిన్న లెక్క

లెక్కల మాస్టారికి నచ్చే ప్రశ్న ఒకటి. ఒకరికి రెండెకరాలు, మరొకరికి ఇరవై ఎకరాలు ఉన్నాయి. ఎవరికి ఎంత వస్తుంది?

ఎకరానికి రూ. 10,000 చొప్పున ఇచ్చినప్పటి రైతుబంధులో మొదటివారికి రూ. 20,000, రెండోవారికి రూ. 2,00,000. ఎందుకంటే ఆ పథకంలో ఎకరాలకు పరిమితి పెట్టలేదు. పీఎం కిసాన్‌లో ఇద్దరికీ రూ. 6,000 మాత్రమే. జార్ఖండ్ కృషి ఆశీర్వాద్‌లో మొదటివారికి రూ. 10,000. రెండోవారు చిన్న రైతు కాదు కాబట్టి ఏమీ రాదు.

మూడు పథకాలు, మూడు న్యాయాలు. ఎక్కువ భూమికి ఎక్కువ పెట్టుబడి కావాలి, కాబట్టి ఎకరాన్ని బట్టి ఇవ్వాలన్నది ఒక వాదన. అవసరం ఎక్కువున్నది చిన్న రైతుకు, కాబట్టి కుటుంబాన్ని బట్టి ఇవ్వాలన్నది మరో వాదన. మా గుంపులో దీని మీద రెండు మధ్యాహ్న భోజన విరామాలు వాదించుకున్నాం. ఏకాభిప్రాయం రాలేదు. మీరూ ప్రయత్నించి చూడండి.

ఇంకో లెక్క. రూ. 6,000ను 365తో భాగిస్తే రోజుకు పదహారు రూపాయల చిల్లర. ఒక విడత రూ. 2,000తో ఒక డీఏపీ బస్తా (రూ. 1,350), రెండు యూరియా బస్తాలు కొంటే చేతిలో నూట పదిహేడు రూపాయలు మిగులుతాయి. బతుకు గడవడానికి ఈ డబ్బు చాలదు. కానీ నాట్ల సమయంలో ఎరువు కోసం వడ్డీకి చేయి చాచకుండా ఉండటానికి కొంత పనికొస్తుంది. అందుకే అది సమయానికి రావడం ముఖ్యం.

ఢిల్లీ నుంచి ఊరికి

పీఎం కిసాన్ సొమ్ము ఏప్రిల్–జూలై, ఆగస్టు–నవంబరు, డిసెంబరు–మార్చి అనే మూడు కాలాలకు ఇస్తారు. 2023 నవంబరు 15న 15వ విడత విడుదల చేసింది మన జార్ఖండ్‌లోని ఖూంటీలోనే. ఆ రోజు బిర్సా ముండా జయంతి. ఆయన పుట్టిన ఉలిహాతు ఆ జిల్లాలోనే ఉంది. ఆ ఒక్క రోజు 8 కోట్లకు పైగా రైతులకు సుమారు రూ. 18,000 కోట్లు వెళ్లాయి.

ఇంతమందికి డబ్బు ఎలా వెళ్తుంది? వరుసగా చూద్దాం.

మొదట ఊళ్లో రెవెన్యూ, వ్యవసాయ సిబ్బంది రైతు పేరు, భూమి వివరాలు, ఆధార్ సరిచూస్తారు. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం “ఇతనికి డబ్బు పంపండి” అని కేంద్రానికి అభ్యర్థన పెడుతుంది. కేంద్రం ఆ జాబితాను సరిచూసి చెల్లింపు ఉత్తర్వు ఇస్తుంది. అప్పుడు డబ్బు ఆధార్ సంఖ్యను పట్టుకుని బ్యాంకుకు వెళ్తుంది.

ఇక్కడే ఒక మెలిక ఉంది. డబ్బు వెళ్లేది మనం రాసిచ్చిన ఖాతా నంబరును బట్టి కాదు. ఆధార్‌తో చివరిసారి చెల్లింపుల కోసం అనుసంధానించిన ఖాతాకు వెళ్తుంది. తాతయ్య ఊరి బ్యాంకు పాస్‌పుస్తకం పట్టుకుని “పడలేదు, పడలేదు” అంటుంటే, ఎప్పుడో గ్యాస్ సబ్సిడీ కోసం తెరిచిన మరో బ్యాంకు ఖాతాలో అది చేరి ఉండొచ్చు. డబ్బు పోలేదు, వేరే ఇంటికి వెళ్లింది, అంతే.

రెండో మెలిక ఈ-కేవైసీ. రైతు బతికే ఉన్నారని, ఆయనే ఆయనని రుజువు చేసుకోవాలి. ఇందుకు మూడు దారులు. ఆధార్‌కు ముడిపడిన ఫోనుకు వచ్చే ఓటీపీ, కేంద్రానికి వెళ్లి వేలిముద్ర, లేదా 2023 జూన్ నుంచి మొబైల్ యాప్‌లో ముఖం చూపించడం.

మా వంటి కుటుంబాలకు చిక్కు వచ్చేది మొదటి దారిలోనే. తాతయ్యకు ఫోను వాడటం రాదని ఆయన ఆధార్‌కు నాన్న నంబరు ఇస్తారు. నాన్నకు బదిలీ అవుతుంది. కొత్త ఊళ్లో కొత్త సిమ్ము తీసుకుని పాతది పక్కన పడేస్తారు. కొన్నాళ్లకు ఆ నంబరు ఆగిపోతుంది. ఊళ్లో తాతయ్య కేంద్రం దగ్గర వరుసలో నిలబడి ఉంటే, ఓటీపీ ఎవరూ ఎత్తని నంబరుకు వెళ్తుంది. ఇక రెండో దారి చూద్దామంటే, నలభై యాభై ఏళ్లు నాగలి, పార పట్టిన వేళ్లకు గీతలు అరిగిపోయి ఉంటాయి. యంత్రం గుర్తుపట్టదు. అలాంటివారికి ముఖం చూపించే మూడో దారి మేలు. ఊరికి వెళ్లినప్పుడు మనలాంటి పిల్లలు పది నిమిషాల్లో చేసిపెట్టగల పని అది.

రెండు ఊళ్లు, రెండు కాగితాలు

డబ్బు రావాలంటే మొదట భూమి తనదని చూపించాలి. మన తెలుగు రాష్ట్రాల్లో అడిగేది పట్టాదారు పాస్‌పుస్తకం. ఆంధ్రప్రదేశ్‌లో 1బి, అడంగల్ కూడా చూస్తారు. తెలంగాణలో రైతుబంధుకు ముందు 2017లో ఊరూరా భూరికార్డులను సరిచేశారు. ఆ తర్వాతే కొత్త పాస్‌పుస్తకాలు ఇచ్చారు. పుస్తకంలో పేరుంటేనే చెక్కు.

జార్ఖండ్‌లో మాట వేరు. మన జిల్లా తూర్పు సింగ్‌భూమ్‌లో పటమదా, బోడామ్, పోట్కా, ఘాట్‌శిలా, బహరాగోడా వంటి బ్లాకులున్నాయి. సాక్చీ బజారులో మనం కొనే టమాటా, క్యాలీఫ్లవర్ చాలావరకు పటమదా వైపు నుంచి వచ్చేవే. అక్కడి రైతు దగ్గర ఉండే కాగితం పేరు ఖతియాన్. అది ఎప్పటిదో సర్వేనాటి రికార్డు. అందులో ఉన్న పేరు ముత్తాతది. ఆయనకు నలుగురు కొడుకులు, వారికి పది మంది కొడుకులు. భూమిని గట్లు వేసుకుని పంచుకున్నారు, దున్నుకుంటున్నారు. కానీ పేరు మార్పిడి జరగలేదు. ఇక్కడ దాన్ని దాఖిల్-ఖారిజ్ అంటారు. మరి కంప్యూటరు ముందు ఈ పది మందీ ఎవరు?

దీనికి జార్ఖండ్ కోసం ప్రత్యేకంగా ఒక దారి పెట్టారు. రైతు తన వంశావళి రాసి ఇవ్వాలి. అంటే ఖతియాన్‌లోని ముత్తాత నుంచి తనదాకా ఎవరి కొడుకు ఎవరో చూపే పట్టిక. దాన్ని గ్రామసభలో పెట్టి, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడుగుతారు. గ్రామసభ ఒప్పుకున్నాక అంచల్ కార్యాలయం వారు సరిచూసి ధ్రువపత్రం ఇస్తారు. జిల్లా అధికారులు సంతకం పెడతారు. అప్పుడే పేరు ఎక్కుతుంది.

మాకు ఇది బాగా నచ్చింది. కంప్యూటరుకు తెలియని సంగతి ఊరికి తెలుసు, కాబట్టి ఊరినే అడిగారు. కానీ ఇది ఎంత ఆలస్యమయ్యే పనో కూడా మీరే ఊహించవచ్చు. అంచల్ కార్యాలయానికి ఒకసారి తిరగడమంటే ఒక రోజు కూలి పోవడమే.

పేరొకరిది, చెమటొకరిది

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. పీఎం కిసాన్ భూమి ఉన్నవారికి ఇస్తుంది. దున్నేవారికి అని అందులో లేదు. రైతుబంధులోనూ పట్టాదారుకే ఇచ్చారు, కౌలుదారుకు లేదు. కౌలు రైతు అంటే ఇతరుల భూమిని ఏడాదికి ఇంతని డబ్బుకో, పంటలో వాటాకో తీసుకుని సాగు చేసేవారు. విత్తనం ఆయనది, ఎరువు ఆయనది, అప్పు ఆయనది, తుపాను వస్తే నష్టం ఆయనది. సాయం మాత్రం భూమి యజమాని ఖాతాలో పడుతుంది.

ఇది మన దేశంలోనే వచ్చిన చిక్కు కాదు. 1933లో అమెరికా పత్తి ధర పెంచడానికి కొంత పొలం సాగు చేయకుండా వదిలిన రైతులకు డబ్బిచ్చింది. అందులో వాటా పాలికాపులకూ ఇవ్వాలన్నారు. కానీ దక్షిణాది రాష్ట్రాల్లో చాలామంది భూస్వాములు ఆ డబ్బు తామే ఉంచుకున్నారు. సాగు తగ్గింది కదా అని పాలికాపులను పొలం నుంచి, ఇంటి నుంచి కూడా పంపేశారు. 1934లో ఆర్కన్సా రాష్ట్రంలో టైరోంజా అనే చిన్న ఊళ్లో నల్లవారు, తెల్లవారు కలిసి కౌలు రైతుల సంఘం పెట్టుకున్నది అందుకే.

మరి మన ఊళ్లలో కౌలు రైతులు ఎందుకు ఉన్నారు? సమాధానం మా ఇళ్లలోనే ఉంది. ఉద్యోగం వచ్చి కుటుంబం టాటానగర్ వచ్చేసింది. తాతయ్యకు ఓపిక తగ్గింది. భూమి బీడు పెట్టలేక పక్కింటి వారికి కౌలుకిచ్చారు. అంటే మనం బదిలీల మీద ఊరూరూ తిరుగుతున్నాం కాబట్టే అక్కడ ఎవరో మన పొలం దున్నుతున్నారు. మనం తినే సంక్రాంతి బియ్యం బస్తా వారి చేతి చలవే.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. దాని ప్రకారం కౌలు రైతుకు 11 నెలలకు ఒక కార్డు ఇస్తారు. ఆ కార్డుంటే పంట రుణం, పంట బీమా, నష్టపరిహారం అడగవచ్చు. రాష్ట్రం ఇచ్చే సాయానికి కూడా అదే ఆధారం. అయితే ఆ కార్డు రావాలంటే భూమి యజమాని ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టాలి. చాలామంది పెట్టరు. “సంతకం పెడితే రేపు భూమి నాదే అంటాడేమో” అని భయం. కానీ ఆ కార్డు పంట మీదే హక్కు ఇస్తుంది, భూమి మీద ఏ హక్కూ ఇవ్వదని చట్టమే చెబుతోంది. గడువు తీరాక అది చెల్లదు.

మరి మన ఇంట్లో?

చివరగా ఉద్యోగుల పిల్లలుగా మనం తెలుసుకోవలసింది ఒకటుంది. పీఎం కిసాన్‌లో కుటుంబం అంటే భర్త, భార్య, మైనరు పిల్లలు. ఆ కుటుంబంలో ఒకరు ప్రభుత్వోద్యోగి అయితే ఈ సాయం రాదు. నాలుగో తరగతి, మల్టీ టాస్కింగ్ సిబ్బందికి మాత్రం మినహాయింపు ఉంది. ఆదాయపు పన్ను కట్టేవారికి, నెలకు రూ. 10,000 లేదా అంతకు మించి పింఛను వచ్చేవారికి, వృత్తి చేస్తున్న డాక్టర్లు, ఇంజినీర్లు, లాయర్ల వంటివారికి కూడా రాదు. తాతయ్య, నానమ్మ వేరే కుటుంబం. నాన్నకు ఉద్యోగం ఉన్నంత మాత్రాన వారికి ఆగిపోదు.

అర్హత లేకపోయినా ఎవరో పేరు రాయించారని డబ్బు పడుతుంటే అది తిరిగి కట్టాలి. 2020లో తమిళనాడులో అనర్హుల పేర్లు లక్షల్లో చేర్చి సుమారు రూ. 110 కోట్లు మళ్లించిన సంగతి బయటపడింది. తర్వాత వసూళ్లు, కేసులు నడిచాయి. తనకు రాకూడని డబ్బును వద్దనుకునేవారు వెబ్‌సైట్‌లోనే దాన్ని వదులుకోవచ్చు. ఊరివారీగా లబ్ధిదారుల జాబితా కూడా అక్కడే అందరికీ కనిపిస్తుంది. మీ ఊరి పేరు ఎంచుకుని ఎవరైనా చూడవచ్చు.

మిత్రులారా, వేసవి సెలవులకు ఊరు వెళ్లినప్పుడు మనం చేయగలిగిన పనులు ఇవి. తాతయ్య ఆధార్‌కు ఏ ఫోను నంబరు ఉందో చూడండి. ఆగిపోయిన నంబరైతే ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లి మార్పించండి. ఆధార్ చెల్లింపులు ఏ బ్యాంకుకు వెళ్తున్నాయో అడగండి. ఈ-కేవైసీ అయిందో లేదో చూడండి. సందేహం ఉంటే 155261కు ఫోన్ చేయండి. వాట్సాప్‌లో వచ్చే “కిసాన్ యాప్” ఫైళ్లను మాత్రం తెరవకండి, తెరవనివ్వకండి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి.

ఇంకొక్క పని. మన పొలం ఎవరైనా కౌలుకు చేస్తుంటే, వారి పేరు ఏమిటో, వారికి కార్డు ఉందో లేదో ఇంట్లో అడగండి. లేదంటే ఎందుకు లేదో అడగండి. పెద్దవాళ్లు కోప్పడవచ్చు, నవ్వి ఊరుకోవచ్చు. అయినా అడగండి. ఆ సంతకం పెట్టడానికి పైసా ఖర్చు లేదు. ఆ సంతకం లేకపోతే అవతలి ఇంట్లో ఒక పంట బీమా ఆగిపోతుంది.